ట్రై బైక్ ఫ్రేమ్ సైజు: మోచేతుల దగ్గర మొదలుపెట్టండి

"నా ఎత్తు ఐదూ ఎనిమిది. 51 తీసుకోవాలా, 54 తీసుకోవాలా అన్నా?" నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు తెల్లారకముందే సైకిల్ తీసుకుని హైవే ఎక్కేవాళ్ళలో ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) మీద మనసు పడ్డవాళ్ళు మొదట అడిగేది ఇదే. షాపులో గోడకు అంటించిన చార్టు కూడా ఇంత ఎత్తుకు ఇంత సైజు అని ఎత్తుతోనే తేల్చేస్తుంది. రోడ్ బైక్‌కి ఆ చార్టు చాలావరకు పనిచేస్తుంది. దాని హ్యాండిల్ మీద చేతులు పెట్టుకోడానికి మూడు నాలుగు చోట్లుంటాయి, ఒకచోట ఇబ్బందిగా ఉంటే ఇంకోచోట పట్టుకుంటాం. ట్రై బైక్, అంటే ట్రయథ్లాన్ కోసం చేసిన సైకిల్, మీద అలా కుదరదు. మోచేతులు రెండు ప్యాడ్ల మీద ఆనించి, గంటలకొద్దీ అలాగే ఉండాలి. ఆ ప్యాడ్లు మన ఒంటికి సరిపోయే చోటికి రాకపోతే ఎంత ఖరీదైన కార్బన్ ఫ్రేమ్ కొన్నా ఉపయోగం లేదు. కాబట్టి ముందు మీ మోచేతులు ఎక్కడ ఉండాలో తేల్చుకోండి. ఆ చోటికి ప్యాడ్లను తేగలిగే ఫ్రేమ్ ఏదో తర్వాత వెతకండి.

ఫ్రేమ్ మీద ఉండే అంకె

54 అనేది ఒకప్పుడు సీటు గొట్టం పొడవు, సెంటీమీటర్లలో. పై గొట్టం నేలకు సమాంతరంగా ఉన్న రోజుల్లో ఆ అంకెకు అర్థం ఉండేది. ఇప్పటి ఏరో ఫ్రేముల్లో అది పేరు మాత్రమే. సర్వెలో కంపెనీ ఇప్పటికీ 51, 54, 56 అంటుంది. కాన్యన్, ట్రెక్ తమ ట్రై బైకులకు ఎస్, ఎం, ఎల్ అంటాయి. ఒక కంపెనీ ఎం పక్కన ఇంకో కంపెనీ ఎం పెడితే ముందు భాగం ఎత్తులో రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉండొచ్చు. ట్రై బైక్ మీద రెండు సెంటీమీటర్లంటే మెడనొప్పికీ హాయికీ మధ్య ఉన్న దూరం.

కంపెనీల మధ్య పోల్చుకోడానికి పనికొచ్చే కొలతలు రెండు. పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) పై అంచు దాకా నిలువుగా ఎంత ఎత్తుందో అది స్టాక్. అదే ఇరుసు నుంచి అదే అంచుకి అడ్డంగా ఎంత దూరముందో అది రీచ్. ప్రతి కంపెనీ జామెట్రీ పట్టికలో ఈ రెండూ ఉంటాయి. వీటిని ఇంతగా వాడుకలోకి తెచ్చినవాడు డాన్ ఎంప్‌ఫీల్డ్ అనే అమెరికన్. 1987లో క్వింటానా రూ కంపెనీ పెట్టి, ట్రయథ్లాన్ కోసమని సీటును బాగా ముందుకు జరిపిన సైకిల్ చేయించింది కూడా ఆయనే.

సీటు ముందుకు ఎందుకు జరపాలో తెలిస్తే సైజు సంగతి సగం అర్థమైనట్టే. రోడ్ బైక్‌లో సీటు గొట్టం కోణం 73 డిగ్రీల దగ్గర ఉంటుంది. ట్రై బైక్ మీద కూర్చునే కోణం 76 నుంచి 80 దాకా వెళ్తుంది. రోడ్ బైక్ మీద కూర్చున్న మనిషిని పెడళ్ళ ఇరుసు చుట్టూ మొత్తంగా ముందుకు తిప్పితే ఎలా ఉంటాడో ట్రై బైక్ మీద అలా ఉంటాడు. వీపు వాలినా తొడకీ పొట్టకీ మధ్య ఖాళీ తగ్గదు, ఊపిరి సరిగా ఆడుతుంది. మోచేతులు కిందికీ ముందుకీ వస్తాయి. అందుకే మీ రోడ్ బైక్ సైజు 54 అయినంత మాత్రాన ట్రై బైక్ కూడా 54 అవ్వాలని లేదు.

ఒకే ఎత్తున్న ఇద్దరు అన్నదమ్ములు

ఇద్దరు అన్నదమ్ములున్నారనుకుందాం. ఇద్దరిదీ 173 సెంటీమీటర్ల ఎత్తు. అన్నకు కాళ్ళు పొడుగు, లోపలి కాలి కొలత 82. తమ్ముడికి నడుం పైభాగం పొడుగు, కాలి కొలత 77. చార్టు ప్రకారం ఇద్దరికీ ఎం సైజే.

కాలి కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు నుంచి సీటు పైదాకా రావలసిన ఎత్తు సుమారుగా వస్తుంది. ఇది పాత లెక్కే అయినా మొదలుపెట్టడానికి బాగానే పనికొస్తుంది. అన్నకు 72.4, తమ్ముడికి 68. సీటు గొట్టం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి నిలువు ఎత్తు ఇంకో సెంటీమీటరున్నర తగ్గుతుంది. అంటే అన్నకు 71కి దగ్గరగా, తమ్ముడికి 66న్నర. ఇద్దరూ కొత్తవాళ్ళు, కాబట్టి సీటు కంటే ప్యాడ్లు ఆరు సెంటీమీటర్లు కింద ఉంటే చాలనుకుందాం. అన్న ప్యాడ్లు ఇరుసుకు 65 సెంటీమీటర్ల పైన ఉండాలి, తమ్ముడివి 60న్నర పైన.

ఇక ఫ్రేములు చూద్దాం. ఒక కంపెనీలో ఎస్ స్టాక్ 49, ఎం 51, ఎల్ 53న్నర అని లెక్క కోసం అనుకోండి. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కి కలిపే ముక్క), హ్యాండిల్, ప్యాడ్ బ్రాకెట్ కలిపి ఆ పైన ఎనిమిది సెంటీమీటర్లు తప్పనిసరిగా వస్తాయనీ, స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే రింగులు, పెడితే పద్నాలుగు దాకా పెంచవచ్చనీ అనుకుందాం. అప్పుడు ఎస్ మీద ప్యాడ్లను 57 నుంచి 63 దాకా, ఎం మీద 59 నుంచి 65 దాకా, ఎల్ మీద 61న్నర నుంచి 67న్నర దాకా పెట్టుకోవచ్చు. తమ్ముడి 60న్నరకు ఎల్ దగ్గరికే రాదు. ఎం సరిపోతుంది, ఎస్ కూడా సరిపోతుంది. కానీ అతని వీపు పొడుగు, ముందుకు ఎక్కువ చోటు కావాలి. ఎస్ రీచ్ చాలకపోతే మోకాళ్ళు మోచేతులకు తగిలేంత ఇరుకైపోతుంది. కాబట్టి తమ్ముడు ఎం తీసుకుని, స్పేసర్లు కొద్దిగానే పెట్టుకోవాలి.

అన్న సంగతే కష్టం. ఎత్తు కోసం ఎల్ కావాలనిపిస్తుంది. వీపు పొట్టి కాబట్టి ఎల్ రీచ్ మాత్రం ఎక్కువైపోతుంది. ఎం తీసుకుంటే స్పేసర్లన్నీ పెట్టి చిట్టచివరికి చేరాలి. ఇక్కడే చాలామంది తొందరపడి ఎల్ కొనేస్తారు. అన్న చేయాల్సింది ఇంకో కంపెనీ పట్టిక తెరవడం. ఎం సైజులోనే స్టాక్ ఎక్కువగా, రీచ్ తక్కువగా ఉన్న ఫ్రేములు దొరుకుతాయి. స్టాక్‌ను రీచ్‌తో భాగించి చూడండి. అంకె ఎంత పెద్దదైతే ఆ ఫ్రేమ్ అంత ఎత్తుగా, పొట్టిగా ఉన్నట్టు. కాళ్ళు పొడుగున్నవాళ్ళకు అది కావాలి. వీపు పొడుగున్నవాళ్ళకు అంకె తక్కువ ఉన్న ఫ్రేమ్ నప్పుతుంది.

రెండు సైజుల మధ్య ఇరుక్కుంటే

పిల్లలకు బట్టలు కొన్నట్టు "కొంచెం పెద్దదే తీసుకో, సరిపోతుందిలే" అనే సలహా మనవైపు తప్పకుండా వినిపిస్తుంది. ట్రై బైక్ విషయంలో ఆ సలహా వినకండి. చిన్న ఫ్రేమ్ ముందు భాగాన్ని స్పేసర్లతో, ప్యాడ్ల కింద పెట్టే రైజర్లతో పైకి లేపవచ్చు, స్టెమ్ మార్చి ముందుకు పొడిగించవచ్చు. పెద్ద ఫ్రేమ్‌ను కిందికి దించడానికి దారి లేదు. హెడ్ ట్యూబ్‌ను ఎవరూ కోయలేరు. స్టెమ్ పొట్టిది వేసి రీచ్ కొంత తగ్గించవచ్చు గానీ, స్టెమ్ ఫ్రేమ్‌తో కలిసిపోయి వచ్చే మోడళ్ళలో ఆ అవకాశం కూడా తక్కువ.

ఫ్రేమ్ పొడవు ఎక్కువైతే తొక్కేటప్పుడు ఒంట్లోనే తెలుస్తుంది. ప్యాడ్లు అందక సీటు ముక్కు మీదికి జారిపోతుంటారు. వెనక్కి సర్దుకుంటారు, మళ్ళీ జారతారు. భుజాలు ముందుకు సాగి ఉంటాయి, బరువు ఎముకల మీద కాకుండా కండరాల మీద పడుతుంది. అరగంటకల్లా మెడ వెనక పట్టేసినట్టవుతుంది. "రెండు నెలలు తొక్కితే అలవాటైపోద్దన్నా" అని అమ్మేవాళ్ళు ధైర్యం చెప్తారు. అలవాటవుతుంది నిజమే. రేసులో ప్యాడ్లు వదిలేసి, వాటి కింద అడ్డంగా ఉండే బేస్ బార్ పట్టుకుని తొక్కడం అలవాటవుతుంది. అప్పుడు ట్రై బైక్ కొన్నదెందుకు?

అలాగని ప్రతివాళ్ళూ చిన్నదే కొనాలని నేననను. మరీ చిన్న ఫ్రేమ్‌తో వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. ప్యాడ్లు అరచెయ్యంత ఎత్తులో ఉండి, బేస్ బార్ మాత్రం ఎక్కడో కిందుంటుంది. బ్రేకులు ఆ బేస్ బార్ మీదే ఉంటాయి. గేదె అడ్డొచ్చినప్పుడు ప్యాడ్ల మీంచి అంత కిందికి దిగి బ్రేకు పట్టుకోవడం ప్రమాదం. ముందు చక్రం కూడా దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందుకు వాలిన బరువంతా దాని మీదే పడి, గాలి కొడితే బండి బెదురుతుంది.

నేను పెట్టుకున్న గీత ఇది. మీకు కావలసిన ప్యాడ్ ఎత్తు రెండు సైజుల్లోనూ వస్తుంటే, రీచ్ ఏది కుదిరితే అది తీసుకోండి. రీచ్ కూడా రెండింట్లో కుదిరితే చిన్నది తీసుకోండి. చిన్నదాంట్లో స్పేసర్లన్నీ పెట్టినా ఎత్తు చాలకపోతే, పెద్ద సైజుకి వెళ్ళే ముందు కంపెనీ మార్చి చూడండి. చాలా ట్రై బైక్ కంపెనీలు ప్యాడ్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కదులుతుందో, అంటే ప్యాడ్ స్టాక్, ప్యాడ్ రీచ్, పట్టికగా ఇస్తాయి. అది దొరికితే మీ అంకె ఆ హద్దుల మధ్యలో ఎక్కడో పడాలి. ఏ కొసనైనా పడితే తర్వాత మీ ఒళ్ళు సాగినా, పట్టేసినా మార్చుకోడానికి చోటుండదు.

కొలతలు ఇంట్లోనే

కాలి కొలతకు గోడకు ఆనుకుని, చెప్పుల్లేకుండా నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేలదాకా టేపు పెట్టి కొలవాలి. తేలిగ్గా పెడితే రెండు సెంటీమీటర్లు తక్కువ వస్తుంది, లెక్కంతా తప్పుతుంది.

మోచేతుల చోటు తెలుసుకోడానికి మంచి దారి ఫిట్టర్ దగ్గరికి, అంటే ఒంటికి తగ్గట్టు సైకిల్ కొలతలు తేల్చేవాళ్ళ దగ్గరికి, వెళ్ళడం. చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో ట్రై ఫిట్ చేసేవాళ్ళున్నారు. నెల్లూరు నుంచి చెన్నై మూడు నాలుగు గంటల ప్రయాణం. లక్షలు పెట్టే ముందు ఒక రోజు, కొన్ని వేలు దానికి పెట్టడం నా దృష్టిలో దండగ కాదు. అయితే బైక్ కొన్నాక కాకుండా, కొనకముందే వెళ్ళండి. "నాకు ప్యాడ్ స్టాక్, ప్యాడ్ రీచ్ అంకెలు కావాలి" అని అడిగి రాయించుకుని రండి.

అది కుదరకపోతే రోడ్ బైక్‌ను ట్రైనర్ (ఒకేచోట నిలిపి తొక్కే స్టాండు) మీద పెట్టి, మోచేతి ప్యాడ్లుండే క్లిప్ ఏరోబార్లు హ్యాండిల్‌కి బిగించి, సీటును పట్టాల మీద వీలైనంత ముందుకు జరిపి కొంచెం ఎత్తు పెంచండి. పక్కనుంచి ఇంట్లోవాళ్ళ చేత ఫోన్‌తో వీడియో తీయించండి. పై చెయ్యి వీపుతో దాదాపు లంబకోణంలో ఉందా, భుజాల బరువు మోచేతుల మీద నిలువుగా దిగుతోందా, అరగంట తర్వాత కూడా అదే పొజిషన్‌లో ఉన్నారా, ఈ మూడూ చూసుకోండి. కుదిరాక వెనక చక్రాన్ని గోడకు ఆనించి బండిని నిటారుగా నిలపండి. గోడ నుంచి పెడళ్ళ ఇరుసు దాకా, గోడ నుంచి ప్యాడ్ వెనక అంచు దాకా కొలిచి తేడా తీస్తే ప్యాడ్ రీచ్. నేల నుంచి పెడళ్ళ ఇరుసు, నేల నుంచి ప్యాడ్ పైభాగం కొలిచి తేడా తీస్తే ప్యాడ్ స్టాక్. రెండు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ప్యాడ్ రీచ్‌ను కొందరు ప్యాడ్ మధ్య నుంచి కొలుస్తారు కాబట్టి కంపెనీ పట్టికతో పోల్చేటప్పుడు ఎక్కడి నుంచి కొలిచారో చూడండి.

క్రాంక్ (పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ) పొడవు కూడా ముందే తేల్చుకోవాలి. 172.5 మిల్లీమీటర్ల క్రాంక్ తీసి 165 వేస్తే పెడల్ పైకొచ్చినప్పుడు తొడ పొట్టకు అంత దగ్గరగా రాదు, వంగి తొక్కడం సులువవుతుంది. అయితే సీటును ఆ ఏడున్నర మిల్లీమీటర్లు పైకి లేపాలి. దానితో ప్యాడ్ల లెక్క కూడా మారుతుంది.

మన రోడ్ల మీద ఏది నయం

కోస్తా పక్కన భూమి చదును. నెల్లూరు నుంచి కావలి వెళ్ళి తిరిగొస్తే 90 కిలోమీటర్ల పైమాటే, అంటే 70.3 అనే సగం ఐరన్‌మ్యాన్ రేసులో సైకిల్ దూరం అయిపోయినట్టే. దారిలో చెప్పుకోదగ్గ ఎత్తు ఒక్కటీ లేదు. వేగంగా పోవచ్చు గానీ, కొండ దారిలో దొరికే విరామం ఇక్కడ దొరకదు. ఎక్కేటప్పుడు లేచి నిలబడటం, దిగేటప్పుడు ఒళ్ళు విరుచుకోవడం ఉండవు. ప్యాడ్ల మీద అదే వంపులో ఉండిపోవాలి. అందుకే మనవైపు కొత్తవాళ్ళకు నేను ఫోటోల్లో కనిపించే లోతైన వంపు చెప్పను. సీటుకీ ప్యాడ్లకీ ఐదారు సెంటీమీటర్ల తేడాతో మొదలుపెట్టి, మెడా నడుమూ ఒప్పుకున్నాక ఒక్కో స్పేసర్ తీసుకుంటూ పోవడం మంచిది. ఆ దించే చోటు మిగలాలంటే మొదటిరోజే స్పేసర్లు లేకుండా ప్యాడ్లు సరిపోయే పెద్ద ఫ్రేమ్ కొనకూడదు.

గాలి సంగతి మరచిపోవద్దు. 16వ నంబర్ హైవే మనవైపు దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. వేసవిలో పడమటి గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి రెండూ పక్కనుంచే కొడతాయి. కృష్ణపట్నం పోర్టు వైపు వెళ్ళే రోడ్డు మీద లారీలు దాటినప్పుడు గాలి తోసినట్టవుతుంది. మరీ చిన్న ఫ్రేమ్ మీద సీటు కొసకు కూర్చున్నవాళ్ళకు ఇలాంటి చోట హ్యాండిల్ నిలవదు. రోహిణి కార్తె ఎండల్లో, దాహంతో అలసి ఉన్నప్పుడు ఇది ఇంకా కష్టం. నీళ్ళ సీసాలు పెట్టుకునే చోటు కూడా మరీ చిన్న సైజు ఫ్రేముల్లో తగ్గుతుంది, కొనేముందు ఎన్ని పడతాయో చూడండి.

ఐదడుగుల నాలుగు అంగుళాలకు తక్కువ ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఒక మాట. 700సీ చక్రాలతో వచ్చే అతి చిన్న సైజుల్లో చక్రం పెద్దది కాబట్టి ముందు భాగం కొంత ఎత్తుగానే ఉండిపోతుంది, మలుపులో కాలి వేళ్ళు చక్రానికి తగలవచ్చు. 650సీ చక్రాలున్న ట్రై బైకులు ఈ ఇబ్బంది తీర్చడానికే వచ్చాయి. వాడినవి ఇప్పటికీ అమ్మకానికి కనిపిస్తుంటాయి. ఫిట్ బాగా కుదిరితే తీసుకోండి, కానీ ఆ టైరు మన ఊరి సైకిల్ షాపులో అడగ్గానే దొరికేది కాదు. టైర్లు, ట్యూబులు తెప్పించి ఇంట్లో పెట్టుకోవాలి. మౌంటెన్ బైక్‌కి వాడే 650బీ వేరు, దాని రిమ్ 584 మిల్లీమీటర్లు. 650సీది 571. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు.

ఫ్రేమ్ కొనడమా, ఉన్నదానికే బార్లు బిగించడమా

స్ప్రింట్, ఒలింపిక్ దూరాలే మీ లక్ష్యమైతే, అంటే 20 లేదా 40 కిలోమీటర్ల సైక్లింగ్ అయితే, ఉన్న రోడ్ బైక్‌కి పొట్టి క్లిప్ బార్లు బిగించి మొదటి సంవత్సరం గడపడం తెలివైన పని. ఒకరి వెనక ఒకరు తొక్కడానికి అనుమతి ఉన్న రేసుల్లో ట్రై బైక్‌ను రానివ్వరు కూడా, డ్రాప్ హ్యాండిల్ ఉన్న రోడ్ బైకే ఉండాలి. ఆ సంవత్సరంలో మీ ప్యాడ్ అంకెలు కూడా స్థిరపడతాయి. గోవా 70.3 లాంటి రేసు మీద కన్నుంటే మాత్రం 90 కిలోమీటర్ల తర్వాత 21 కిలోమీటర్లు పరుగెత్తాలి కాబట్టి సరైన సైజు ట్రై బైక్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

వాడిన బైక్ చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకునేవాళ్ళు కంపెనీ, మోడల్, సంవత్సరం, సైజు నాలుగూ అడిగి ఆ ఏడాది జామెట్రీ పట్టిక వెతకాలి. పేరు అదే ఉన్నా ఏడాది మారితే కొలతలు మారవచ్చు. ఫోర్కు నుంచి హెడ్ ట్యూబ్ గుండా పైకొచ్చే స్టీరర్ గొట్టం కోశారా, కోస్తే పైన ఎన్ని స్పేసర్లు మిగిలాయో ఫోటో తీసి పంపమనండి. కోసేసిన స్టీరర్‌ను మళ్ళీ పెంచలేరు. ఏరో సీట్‌పోస్ట్ ఆ మోడల్‌కే ప్రత్యేకంగా వస్తుంది, పాత యజమాని పొట్టిగా కోయించి ఉంటే మీ కాలికి అందకపోవచ్చు. ప్యాడ్ రైజర్లు, వాటి పొడుగు బోల్టులు బైక్‌తో పాటు ఇస్తున్నారా అడగండి, పాత మోడళ్ళకు అవి విడిగా దొరకడం కష్టం. సైక్లింగ్ టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీపడే రేసు) కోసం చేసిన ఫ్రేములను కూడా ట్రై బైక్ అనే పేరుతో అమ్ముతుంటారు. అవి సాధారణంగా ముందు కిందికి, పొడుగ్గా ఉంటాయి. వాటి స్టాక్ అంకెను మీ ప్యాడ్ ఎత్తుతో పోల్చి చూడండి. తేడా పద్నాలుగు పదిహేను సెంటీమీటర్లు దాటితే ధర ఎంత తక్కువైనా అడ్వాన్స్ ఇవ్వకండి.